ఇరవై ఏడు ఎక్కువైంది

మా మేడ మీద గదిని ఇరవై రెండేళ్ళుగా విద్యార్థులకే అద్దెకిస్తున్నాను. తెల్లవార్లూ గిటారు వాయించేవాళ్ళను చూశాను, ప్రేమలో పడి తిండి మానేసినవాళ్ళను చూశాను, స్నానాల గదిలో తాబేలును పెంచినవాణ్ణి కూడా చూశాను. మార్కులు ఎక్కువయ్యాయని వెనక్కిచ్చేసిన మనిషిని మాత్రం త్రీనునే చూశాను.

త్రీనుది ఎస్టోనియాలో ఓ దీవి. పురావస్తు శాస్త్రం చదవడానికి ఏడాదిపాటు ఇటలీలోని మా లెచ్చే ఊరికి వచ్చింది. మంచి పిల్లే గానీ నోట్లో నాలుక లేదు. "భోజనం ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనేది, అంతే. మా ఊళ్ళో ఆ ప్రశ్నకు జవాబు పావుగంటకు తక్కువ ఉండదు. ఉప్పు సంగతి, వాళ్ళమ్మ చేతి వంట సంగతి, పక్కింటావిడ కోడలి సంగతి అన్నీ అయ్యాకే రెండో ముద్ద. నా వంట నచ్చలేదేమోనని నెల రోజులు లోలోపల కుమిలిపోయాను. వాళ్ళ దగ్గర "బాగుంది" అంటే నిజంగానే బాగుందని అర్థమట. ఆ సంగతి తెలిశాకే నాకు నిద్ర పట్టింది.

అంత దూరం నుంచి ఆమె వచ్చింది ఒకే ఒక్క ఆశతో. ప్రొఫెసర్ ఇంగ్రోసో ప్రతి వేసవిలో, జూన్ పరీక్షలవగానే, సముద్రం పక్కన ఓ గుట్ట మీద తవ్వకాలు చేయిస్తాడు. తనతో ఆరుగురు విద్యార్థులను తీసుకెళతాడు. ఆయన పరీక్షలో ముప్పైకి ఇరవై ఏడో, ఆపైనో వచ్చినవాళ్ళకే ఆ అదృష్టం.

మా దగ్గర ఆ పరీక్ష కాగితాల మీద ఉండదు. హాలు నిండా జనం చూస్తుండగా ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి. చివర్లో ఆయన మార్కు చెప్పి "సమ్మతమేనా?" అని అడుగుతాడు. కాదంటే ఆ పరీక్ష జరగనట్టే, మళ్ళీ వచ్చే విడతలో మొదటి నుంచీ చెప్పుకోవాలి. ఎక్కువ మార్కుల మీద ఆశ ఉన్నవాళ్ళు ఎప్పుడో ఒకసారి కాదంటారు. మిగతావాళ్ళంతా దండం పెట్టి బయటపడతారు.

ఫిబ్రవరిలో ఆ పరీక్షకు వెళ్ళి వచ్చిన త్రీను, కోటు కూడా విప్పకుండా వంటింట్లో కుర్చీ మీద కూలబడింది.

"ఎంతొచ్చింది?" అన్నాను.

"ఇరవై ఏడు ఇస్తానన్నారు."

గరిట పడేసి ఆమె బుగ్గలు రెండూ పట్టుకున్నాను.

"నేను కాదన్నాను, సిన్యోరా."

"కాదనడమేంటి?"

"రెండో జవాబులో పేర్లు తారుమారు చేశాను. మూడోది సగమే చెప్పాను. ఇరవై ఏడు ఎక్కువ, ఇరవై అయిదు చాలని చెప్పాను."

"ఆయనేమన్నాడు?"

"రిజిస్టరు మూసేశారు. తర్వాత జూన్‌లో రమ్మన్నారు."

చేతిదాకా వచ్చింది నోటిదాకా రాకపోవడమంటే ఇదే. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒసేయ్ పిల్లా, ఆయన అడిగేది నీ అభిప్రాయం కోసం కాదే. పెళ్ళిలో పాదిరీ ఇష్టమేనా అని అడుగుతాడు. అప్పుడు కూర్చుని ఆలోచిస్తామా?"

"ఆలోచించకూడదా?" అంది.

నేను ఆలోచించకుండానే చేసుకున్నాను.

ఆ రోజు ఆమె నా ముందు ఏడవలేదు. మర్నాడు కళ్ళు ఉబ్బి ఉన్నాయి కాబట్టి ఏడ్చే ఉంటుంది, వాళ్ళ పద్ధతిలో, చప్పుడు లేకుండా.

దీన్ని ఇలా వదిలేస్తే లాభం లేదని మా అన్నయ్య ఒరోంజోను పిలిపించాను. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఏ విషయం మీదనైనా, అది తెలిసినా తెలియకపోయినా, గంటసేపు మాట్లాడగలడు. రోజూ సాయంత్రం నా కళ్ళజోడు పెట్టుకుని ప్రొఫెసర్ అవతారం ఎత్తేవాడు.

"ఈ ఆర్టిచోక్ గురించి చెప్పమ్మా," అన్నాడు మొదటి రోజు, కూర గిన్నె ముందుకు తోసి.

"ఇది ఆర్టిచోక్."

"తర్వాత?"

"ఉడికింది."

అన్నయ్య తల పట్టుకున్నాడు. "ఎవరు పండించారు, ఏ నేలలో పండింది, ముళ్ళెందుకున్నాయి, అవన్నీ చెప్పాలిగా?"

"అవి నాకు తెలీదు."

"నీకు తెలీదని ఎవడికి తెలుసు? ఆ మాట మాత్రం నోట్లోంచి రానీకు. తెలీనిది ఎదురైతే తెలిసిన వైపు బండి తిప్పెయ్. రోడ్డు మూసేశారని నేనెప్పుడైనా జనాన్ని మధ్యలో దింపేశానా?"

ఏప్రిల్‌కల్లా ఆర్టిచోక్ మీద ఐదు నిమిషాలు మాట్లాడింది. మే నెలలో చేపలవాడితో తగవు పెట్టుకుని, నిన్నటి చేపను నిన్నటిదని వాడి నోటితోనే ఒప్పించింది. నా గొప్పే అనుకుని మురిసిపోయాను. ఓ సాయంత్రం ఆమె నెమ్మదిగా అంది: "సిన్యోరా, మీరు మధ్యలో అందుకోకపోతే నేను ఇంకా బాగా చెప్పగలను."

రెండు రోజులు మూతి ముడుచుకున్నాను. మూడో రోజు పంతానికి నోరు మూసుకు కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, ఆ పిల్ల ఒక వాక్యం అయ్యాక ఆగుతుంది. ఆగితే అయిపోయిందని కాదు, తర్వాతి మాట వెతుక్కుంటోందని. ఆ రోజు ఆగి ఆగి, వాళ్ళ నాన్న బంగాళాదుంపల చేలో దొరికిన ఓ పాతకాలపు కంచు పిన్ను గురించి చెప్పింది. ఆమెకప్పుడు ఎనిమిదేళ్ళట. దాన్ని పారేసుకున్న మనిషి ఎవరని ఊరంతా అడిగిందట. ఎవరూ చెప్పలేకపోయారు. అందుకే ఈ చదువులోకి వచ్చింది. ఎనిమిది నెలలుగా నా బల్ల దగ్గర కూర్చున్న పిల్ల కథ నేను అప్పుడే వినడం. సిగ్గేసింది.

జూన్‌లో పరీక్షకు నేనూ అన్నయ్యా కూడా వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాం. ఎవరైనా వెళ్ళి వినవచ్చు కాబట్టి ఆపేవాళ్ళు లేరు. హాల్లో ఉక్కపోత చంపేస్తోంది.

మొదటి ప్రశ్నకు తడుముకోకుండా చెప్పింది. రెండోదానికి ఆయన అడగనివి కూడా చెప్పింది. మూడో ప్రశ్న ఓ సమాధిలో దొరికిన కూజాల మీద. అవి ఏ శతాబ్దానివని అడిగాడు.

"తెలీదు," అంది త్రీను.

అన్నయ్య కడుపునొప్పి వచ్చినవాడిలా మూలిగాడు. ఆమె ఆగింది. తర్వాత అంది: "తెలీదు గానీ, ఎలా తెలుసుకోవచ్చో చెప్తాను." ఏ పొరలో తవ్వాలో, పక్కన ఏం దొరికితే ఏం అనుకోవాలో వరసగా చెప్పుకొచ్చింది. బల్ల మీద తాళం వేస్తున్న ప్రొఫెసర్ వేళ్ళు ఆగిపోయాయి.

"ఇరవై ఆరు," అన్నాడాయన. "సమ్మతమేనా?"

ఒక్క మార్కు తక్కువ. సరేనంటే తవ్వకాలు పోతాయి, పాసవడమైనా మిగులుతుంది. కాదంటే అదీ పోతుంది. మళ్ళీ విడత సెప్టెంబరులో, ఈ పిల్ల జులై ఆఖరుకే వెళ్ళిపోవాలి.

"సరేననెయ్యవే తల్లీ," అని అన్నయ్య గొణుగుతున్నాడు.

"సమ్మతం కాదు," అంది త్రీను.

ప్రొఫెసర్ కళ్ళజోడు తీశాడు. "ఈసారి కూడా ఎక్కువైందా?"

హాలంతా నవ్వింది. త్రీను చెవులు ఎర్రబడ్డాయి.

"తక్కువైంది. ఇరవై ఎనిమిది రావాలి."

"తవ్వకాలకి ఇరవై ఏడు చాలు, అమ్మాయ్."

"నేను తవ్వకాల గురించి అనట్లేదు, ప్రొఫెసర్ గారూ. జవాబుల గురించి అంటున్నాను. మొదటిది పూర్తిగా చెప్పాను. రెండోది మీరడిగినదానికంటే ఎక్కువే చెప్పాను. మూడోదాంట్లో శతాబ్దం ఒక్కటే తెలీలేదు. దానికి రెండు మార్కులు పోవాలి. మీరు నాలుగు తీసేశారు."

లేచి ఏదో ఒకటి అరవాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. పిడికిలి నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ హాల్లో అప్పుడున్న మౌనం దేనికి అంగీకారమో ఎవరికీ అంతుపట్టలేదు.

ప్రొఫెసర్ పక్కనున్న సహాయకురాలి వైపు చూశాడు. ఆవిడ తను జవాబులు రాసుకున్న కాగితం ఒకసారి పైనుంచి కిందికి చదివి, "అమ్మాయి చెప్పింది నిజమేనండీ," అంది.

ఆయన రిజిస్టరు దగ్గరకు లాక్కుని ఇరవై ఎనిమిది వేశాడు. "సమ్మతమేనా?" అని మళ్ళీ అడిగాడు, ఈసారి నిజంగా తెలుసుకుందామనే.

"సమ్మతమే," అంది త్రీను.

మా వరసకు వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది. చెయ్యి పట్టుకున్నాను.

ఆమె తర్వాత మా ఊరివాడే ఓ విద్యార్థి కూర్చున్నాడు. బస్సు స్టాండు నుంచి చంద్రమండలం దాకా అన్నీ మాట్లాడాడు. ప్రొఫెసర్ ఇరవై రెండన్నాడు.

వాడు కాలరు సర్దుకున్నాడు. "ప్రొఫెసర్ గారూ, నాక్కూడా తక్కువైందండీ."

ఆయన తలెత్తలేదు. "ఆ మాట అనాలంటే నాయనా, ముందు ఓ ఫిబ్రవరిలో వచ్చి ఎక్కువైందని చెప్పాలి."

వాడు దండం పెట్టి ఆ ఇరవై రెండే పుచ్చుకున్నాడు. జనమంతా పగలబడి నవ్వారు. త్రీను మాత్రం నవ్వకుండా నా చెవి దగ్గరకు వంగింది.

"నిజానికి పంతొమ్మిది చాలు, సిన్యోరా," అంది.