చింతపిక్కల కోట

వెంకటప్పయ్య పిరికివాడు. ఈ మాట అతని వెనక అనేది కాదు, అతనే ఒప్పుకునేది. సత్తుపల్లి వైపు పొలాలున్న ఇంటి కుర్రాడు, సారపాక కాగితం మిల్లులో ల్యాబ్ అసిస్టెంటు, మీద బల్లి పడితే రెండు రోజులు సెలవు పెట్టే రకం. అలాంటివాడు ఆదివారం వస్తే చాలు, రాజ్యాలు కూల్చేవాడు. ఆటలో లెండి.

ఆ ఆటను బెంగుళూరులో ఇంజనీరింగు చదివే మేనమామ కొడుకు ఎండాకాలం సెలవుల్లో నేర్పిపోయాడు. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులైపోతారు. దొంగో, మంత్రగాడో, యోధుడో, ఎవరికి నచ్చిన వేషం వాళ్లది, ఎవరికి నచ్చిన పేరు వాళ్లది. ఏదైనా సాహసం చేయబోతే పాచికలు వేయాలి. పాచికలు దొరకలేదు గనక వీళ్లు ఒకవైపు తెల్లగా అరగదీసిన చింతపిక్కలు వేసేవారు. తెల్లవి ఎక్కువ పడితే పని జరిగినట్టు, నల్లవి పడితే చెడినట్టు.

ఆడేవాళ్లు ఇద్దరే. మిల్లు ఎలక్ట్రీషియన్ పూల్‌సింగ్, వెదురు యార్డులో కాంట్రాక్టు కూలి భద్రయ్య. పూల్‌సింగ్‌కు డ్రాగన్ అంటే ఎంత చెప్పినా తలకెక్కలేదు. నిప్పులు కక్కే కొండచిలువ అనుకోమంటే, "దాని కడుపు కాలదా అన్నా?" అని అడిగి ఆ పూట ఆటంతా చెడగొట్టాడు. అడవి ఊరివాడైన భద్రయ్యది మరో పేచీ. కథలో అడవి వస్తే చాలు, పొలిమేరలో అడవితల్లికి కోడిని కొయ్యనిదే లోపలికి అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. ఉత్తుత్తి కోడే, అయినా కొయ్యాల్సిందే. ఒకసారి ఆ కోడిని పట్టబోతే పూల్‌సింగ్‌కు పిక్కలన్నీ నల్లగా పడ్డాయి. కోడి తప్పించుకుంది. ఇద్దరు వీరులూ పొద్దుగూకేదాకా దాని వెంట పరుగెత్తారు, శత్రువుల కోట జోలికి పోయినవాడే లేడు.

ఈ గొడవలు పడలేక వెంకటప్పయ్య కథను ఇక్కడికే దించేశాడు. డ్రాగన్ పోయి ఎలుగుబంటి వచ్చింది. కోట చుట్టూ వాళ్లకు తెలిసిన వాగులూ గుట్టలూ దారులూ వచ్చాయి. క్వార్టర్లలో నరుకు, పొడువు అని కేకలేస్తుంటే పక్కింటివాళ్లు తిడుతున్నారని, అడవి అంచున వాడకం లేని వెదురు డిపో షెడ్డుకు మకాం మార్చారు. బుద్ధున్నవాళ్లు చేసే పనేనా ఇది? తొంభైల మొదట్లో ఆ అడవిలో నలుగురు ఒకచోట కూర్చుంటే పోలీసులకు అనుమానం, అన్నలకూ అనుమానమే. అలాంటి చోట గచ్చు మీద సుద్దతో దారులు గీసి, కోట కాపలాకు గుర్తుగా గులకరాళ్లు పేర్చుకుని కూర్చున్నారు మహానుభావులు.

కేకల్లో పడి జీపు చప్పుడు వినలేదు. తలెత్తేసరికి గుమ్మంలో ఎస్సై, వెనక తుపాకులతో కానిస్టేబుళ్లు.

"పేరేంది?" అని ఎస్సై పూల్‌సింగ్‌ను అడిగాడు.

"రణధీరుడు," అన్నాడు పూల్‌సింగ్. భయంలో ఆటలో పేరు వచ్చేసింది.

"అసలు పేరు?"

"పూల్‌సింగ్ సార్."

"రెండు పేర్లన్నమాట." ఎస్సై సుద్దగీతల మీదికి వంగాడు. "ఇది పెద్దవాగు. ఇది గుట్ట దారి. మరి ఈ రాళ్లేంది?"

"కాపలోళ్లు సార్," అన్నాడు భద్రయ్య. అబద్ధమాడటం చేతకాని మనిషి. "పొద్దుగూకినంక మేం కోట మీద పడాలె."

వెంకటప్పయ్య భద్రయ్య వైపు చూశాడు. తనకూ పూల్‌సింగ్‌కూ మిల్లు కార్డులున్నాయి, పట్టుకెళ్లినా అడిగేవాళ్లున్నారు. భద్రయ్యకు ఏ కార్డూ లేదు. అడవి ఊరి మనిషి జీపెక్కితే తిరిగొస్తాడో లేదో చెప్పగలవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఆట తెచ్చింది తను, గీతలు గీసింది తను, పోయేది మాత్రం భద్రయ్య.

"ఆటండి," అన్నాడు వెంకటప్పయ్య. "ఊరికే కాలక్షేపానికి ఆడుకుంటామండి."

"అయితే ఆడుండ్రి. చూస్త." ఎస్సై అక్కడున్న వెదురు మోపు మీద కూర్చున్నాడు.

వెంకటప్పయ్య కథ ఎత్తుకున్నాడు. కోట కాపలావాళ్లు మహా మంచివాళ్లనీ, జనానికి వాళ్లంటే ప్రాణమనీ చెప్పాడు. గజదొంగ రణధీరుడు కత్తి పారేసి, కోట గుమ్మంలో వంగి నమస్కారం పెట్టి, అందరూ బాగున్నారా అని అడిగాడు. ఒక కానిస్టేబులు కిసుక్కుమన్నాడు. ఎస్సై నవ్వలేదు.

"దొంగ వేషమేసి నమస్తే పెడ్తవా? మీ అసలాట ఏందో అది ఆడుండ్రి. కోట సర్దారును నేనే అనుకోండ్రి."

భద్రయ్య వంతు వచ్చింది. ముందు కోడిని కొయ్యాలన్నాడు. చుట్టూ తుపాకులు పెట్టుకుని ఉత్తుత్తి కోడి కోసం పట్టుబట్టాడు ఆ మనిషి.

"కోడెందుకురా?"

"అడవిల అడుగు పెట్టాలంటే తల్లికి చెప్పాలె గద సార్."

"అవ్ సార్, కొయ్యాలె," అన్నాడు వెనక నుంచి ఒక కానిస్టేబులు. అతని పక్కవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు ఎస్సై దాకా చేరలేదు.

కోడిని కోశారు. వాగులో నీళ్లు ఎక్కడ మోకాలి లోతో, ఏ గుట్ట చాటున కూర్చుంటే దారంతా కనిపిస్తుందో చెప్పుకుంటూ భద్రయ్య సర్దారు మీదికి వచ్చాడు. ఆటలో పడ్డాడంటే అతనికి లోకం తెలియదు. ఎస్సై కళ్లు అతని మీదే ఉన్నాయి. ఓడిపో భద్రయ్యా, అని వెంకటప్పయ్య లోలోపల మొక్కుకున్నాడు. ఎస్సై పిక్కలు వేశాడు, అన్నీ నల్లవే. భద్రయ్య వేశాడు, అన్నీ తెల్లవే.

"సర్దారు దొరికిపోయాడండి," అన్నాడు వెంకటప్పయ్య. కథ చెప్పేవాడు చెప్పక తప్పదు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎస్సై లేచి నిలబడ్డాడు.

"నీకు అడవి మంచిగ ఎరుకున్నట్టుంది. జీపెక్కు. మాకు జర దారి చూపిద్దువు."

భద్రయ్య లేవబోయాడు. అప్పుడు వెంకటప్పయ్య నోట్లోంచి వచ్చిన మాట ఎలా వచ్చిందో అతనికి ఇప్పటికీ తెలియదు.

"ఆట అయిపోలేదండి. మీ సర్దారు అతని చేతిలో ఉన్నాడు. ఏం చేస్తాడో అతను చెప్పాలి."

ఎస్సై అతన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత భద్రయ్య వైపు తిరిగాడు. "చెప్పు. నన్నేం చేస్తవ్?"

భద్రయ్య ఆలోచనలో పడ్డాడు. అతనికది నిజంగా ఆలోచించాల్సిన సంగతే.

"ఆకలి మీద ఉంటడు గద సార్. జావ పోస్త. తాడు ఇప్పి, వాగు దాక తోడొచ్చి ఇడిచిపెడ్త."

"మల్ల మందిని తోల్కొని వస్తే?"

"వస్తడు సార్. అది గూడ ఎర్కే."

ఎస్సై టోపీ పెట్టుకున్నాడు. బూటు కాలితో సుద్దగీతలు చెరిపేశాడు. "పోండ్రి ఇండ్లకు," అని జీపెక్కాడు. జీపు కనుమరుగయ్యాక గానీ ముగ్గురూ అక్కణ్నుంచి లేవలేదు.

ఇక ఈ జన్మలో ఆ ఆట జోలికి పోమని ఒట్లు పెట్టుకున్నారు. పై ఆదివారం వెంకటప్పయ్య గదిలో ఊరికే కూర్చున్నారు. గుడిసెలో ఒక్కడే ఉండాలంటే గుబులుగా ఉందని భద్రయ్య కూడా వచ్చాడు. టీ తాగుతుంటే వాకిట్లో జీపు ఆగింది.

ఎస్సై ఒక్కడే వచ్చాడు, మామూలు ప్యాంటూ చొక్కాలో. చెప్పులు బయట విడిచి, తిన్నగా వచ్చి భద్రయ్య పక్కన గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వెంకటప్పయ్య తన టీ గ్లాసు అతని ముందుకు జరిపాడు.

"వాగు కాడ ఇడిచిండు గద నన్ను," అన్నాడు ఎస్సై. "ఆడ్నుంచి చెప్పు. ఈసారి నా ఎంట మంది ఉన్నరు."