వదిన తెచ్చే సీసా

అందరూ మిషనమ్మ అని పిలిచే ఆ దర్జీ ఆవిడకి భర్త పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేకుండా పోయింది. బట్టలిచ్చేవాళ్లు కొలతలు చెప్పి వెళ్లిపోయేవారు. పక్కవాటా వదిన ఒక్కతే పొద్దున్నే చిన్న సీసా పట్టుకుని వచ్చేది. అందులో షుగరు తగ్గిస్తాయని ఎవరో చెప్పిన ఆకుపొడి క్యాప్సూల్స్. ఇద్దరికీ షుగరే, ఇద్దరూ డాక్టరిచ్చిన బిళ్లలు వాడుతున్నవాళ్లే. వాటికి తోడు ఈ క్యాప్సూల్ చెరొకటి మింగి, టీ చల్లారేదాకా ఇరుగుపొరుగు సంగతులన్నీ ఉతికి ఆరేసేవారు.

ఇంకేమైనా వాడుతున్నారా అని డాక్టరు అడిగినప్పుడు మిషనమ్మ లేదంది. అబద్ధమాడదామని కాదు. ఆమె లెక్కలో అది మందు కాదు, పలకరింపు.

ఒకరోజు మధ్యాహ్నం కిటికీ తెర కుడుతుంటే చేతులు వణికాయి. ఒళ్లంతా చెమటలు పట్టి కళ్లు బైర్లు కమ్మాయి. కుట్టు ఎటో పోయింది. తడుముకుంటూ చక్కెర డబ్బా అందుకుని, నీళ్లలో కలుపుకుని తాగింది. ప్రాణం కుదుటపడ్డాక, పడిపోయి ఉంటే ఎవరు చూసేవారన్న దిగులు పట్టుకుంది. సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి సీసా సంగతి కూడా చెప్పేసింది.

డాక్టరు కోప్పడలేదు. బిళ్లా, ఆకుపొడీ కలిసి షుగరును మరీ కిందికి లాగేసి ఉంటాయన్నాడు. క్యాప్సూల్ ఆపమన్నాడు. బిళ్ల మాత్రం సొంతంగా ఆపొద్దనీ, కొత్తగా ఏది మింగాలన్నా ముందు తనకు చూపించమనీ చెప్పాడు.

మర్నాడు వదిన సీసా మూత తీస్తుంటే మిషనమ్మ టీ గ్లాసు ముందుకు జరిపింది. కాదంటే ఈ కాసేపటి కబుర్లు కూడా పోతాయి.

"నాకొద్దు వదినా. డాక్టరు ఆపమన్నాడు. మీరూ ఒకసారి చూపించుకోండి."

"ఇన్నాళ్లూ నా చేత్తో ఇచ్చింది ఇప్పుడు విషమైపోయిందా?"

"విషమనలేదు. రెండూ కలిస్తే నాకు పడట్లేదంటున్నా."

"సరేలేమ్మా. మేం ఇచ్చేవి నీకెందుకు పడతాయి."

వదిన టీ ముట్టకుండానే లేచింది.

ఆ మరుసటి పొద్దున ఎవరూ తలుపు తట్టలేదు. మిషనమ్మ వేళకు తిని, బిళ్ల వేసుకుని, మిషను ముందు కూర్చుంది. గోడవతల కుళాయి మోత వినిపిస్తోంది. పని మీద మనసు నిలవక లేచి వెళ్లి పక్కవాటా తలుపు తట్టింది. వదిన తియ్యలేదు.

"నా మీద కోపం ఉంటే ఉండనీ వదినా. చేతులు వణికితే మాత్రం వెంటనే చక్కెర నీళ్లు తాగండి. ఆ సీసా డాక్టరుకి చూపించండి."

లోపల కుళాయి ఆగింది.

"విన్నారా వదినా?"

"విన్నాన్లే" అంది లోపలి గొంతు. తలుపు మాత్రం తెరుచుకోలేదు.