గువ్వ చప్పట్లు

ఆ బాలబడిలో టీచరమ్మకు మంచి పేరుండేది. నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో నేర్పే మంటల గంట మోగిందంటే చాలు, ఆమె పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని చీమల బారులా గేటు దాటేసేవారు. తనిఖీకొచ్చే అధికారి కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. అలాంటాయన కూడా గడియారం చూసుకుని "భేష్" అనేవాడు.

ఆ బారులో గువ్వ ఉండేది కాదు. గువ్వంటే కాళ్లు స్వాధీనంలో లేని నాలుగేళ్ల పిల్ల, మాటల పుట్ట. మొదటిసారి, బడిలో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ గువ్వను ఎత్తుకుని వరుసలో నడిస్తే వెనక పిల్లలు ఆగిపోయారు, అధికారి మొహం చిట్లించాడు. ఉత్తుత్తి గంటకు ఈ పిల్లను హైరానా పెట్టడం దేనికిలే అనుకుంది టీచరమ్మ. పిల్ల చిన్నబుచ్చుకోకుండా ఉపాయం కూడా ఆలోచించింది.

"నువ్వు కిటికీ దగ్గర కూర్చుని చూస్తుండు బంగారం. అందరూ గేటు దాటాక గట్టిగా చప్పట్లు కొట్టాలి. అదీ నీ డ్యూటీ."

గువ్వ ఆ పనిని నెత్తిన పెట్టుకుంది. గంట మోగిన ప్రతిసారీ అరచేతులు ఎర్రబడేలా కొట్టేది.

"నా చప్పట్లు వినబడ్డాయా ఆయమ్మా?"

"నా చెవులు చిల్లులు పడ్డాయే తల్లీ!"

అందరూ నవ్వేవారు. టీచరమ్మ తన తెలివికి తానే మురిసిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం వంటగదిలో నిజంగానే మంటలు లేచాయి. గంట మోగింది. పిల్లలు నేర్పింది నేర్పినట్టే, ఏడుపు లేదు, తోపులాట లేదు, గేటు దాటేశారు. గువ్వను ఆయమ్మ ఎత్తుకుందని టీచరమ్మ, టీచరమ్మ ఎత్తుకుందని ఆయమ్మ అనుకున్నారు. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు వినబడ్డాయి, పొగ కమ్మిన కిటికీ లోంచి చప్పట్లు.

టీచరమ్మ లోపలికి పరుగెత్తబోతే అప్పుడే దిగిన ఫైరింజన్ వాళ్లు రెక్క పట్టుకుని ఆపేశారు. వాళ్లలో ఒకాయన గువ్వను భుజాన వేసుకుని బయటికి తెచ్చేసరికి పిల్ల తల వాల్చేసింది.

"లోపలెవరైనా ఉన్నారా అని గొంతు చించుకుని అరిచానమ్మా. పలకదే! చప్పట్లు కొడుతూనే ఉంది, చప్పుడు పట్టుకుని వెళ్లాను" అన్నాడాయన.

ప్రాణం దక్కింది. ఊపిరితిత్తులు మాత్రం మునుపటిలా ఉండవన్నారు డాక్టరు. ఆస్పత్రిలో గువ్వ వాళ్లమ్మ టీచరమ్మను పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది టీచరమ్మకు. అధికారి వచ్చి, వరుస చక్కగా సాగిందని మెచ్చుకోబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

గోడలకు కొత్త సున్నం వేశాక బడి మళ్లీ తెరిచారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, ఈసారి గువ్వ ముందు, తక్కినవాళ్లంతా ఆమె వెనక అని టీచరమ్మ పట్టుబట్టింది. ఆలస్యమైతే అయింది, ఆ గడియారం ఎవరికి కావాలి? గంట మోగగానే ఆమె గువ్వ ముందు మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచింది.

"రా తల్లీ, ఈరోజు ముందు మనమే."

గువ్వ కదల్లేదు. కుర్చీని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. గేటు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. పొగ పట్టి బొంగురుపోయిన గొంతుతో, పెద్దవాళ్లకు అర్థం కానిది విడమరిచి చెబుతున్నట్టు నెమ్మదిగా అడిగింది.

"నేనొచ్చేస్తే చప్పట్లెవరు కొడతారు టీచర్?"