ఆయన చెవిలో నా గొంతు

"నువ్వు గదిలోంచి బయటికి రాకు. నా చెవిలో ఉంటే చాలు," అన్నాడు మా ఆయన, చిన్న ఇయర్‌ఫోన్‌ని కుడి చెవిలోకి తోసుకుని దాని మీదికి జుట్టు దువ్వుకుంటూ.

ఇప్పుడు నేను పడకగదిలో మంచం అంచున కూర్చున్నాను. చేతిలో ఫోన్, ఆయనకి చేసిన కాల్ నడుస్తోంది. తలుపు ఓరగా వేసి ఉంది. హాల్లో ఆడియో కథల కంపెనీ నుంచి వచ్చినావిడ కుర్చీ లాక్కున్న చప్పుడు మొదట తలుపు సందులోంచి, వెంటనే ఫోన్‌లోంచి వినిపించింది. నా పక్కన అత్తయ్య కాపలా. "దగ్గొస్తే దిండు అడ్డం పెట్టుకో," అంది.

మా ఆయన భయం కథలు చదివి రికార్డు చేస్తాడు. ఆ గొంతుకి చాలామంది అభిమానులు. కాని చదివితే సరిపోదు. ప్రతి భాగం మొదట్లో అదే రాగం రావాలి, భయం ముదిరిన ప్రతిచోటా అదే గంట మోగాలి, మధ్యమధ్యలో కంపెనీ పేరు వినపడాలి. అవేవీ మాట మీద పడకూడదు. ఆయన ఊపిరి తీసుకునే ఖాళీలో మొదలై, మాట రాగానే దాని కిందికి తగ్గిపోవాలి. పెళ్లయినప్పటి నుంచీ ఆ పని నాది. వంట, గిన్నెలు అయ్యాక ఫైలు మొదలు నుంచి చివరిదాకా విని, ఖాళీలు వెతికి, గంటలు తెచ్చి అతికించడం. "వాడి గొంతుకి గంటలు కట్టడం కూడా ఓ ఉద్యోగమేనా?" అనేది అత్తయ్య, ఇంటికొచ్చినవాళ్ల ముందు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు.

విసుగెత్తి, కంప్యూటర్ పాఠాలు చూసి నేర్చుకుని, ఓ ప్రోగ్రాం రాశాను. ఫైలు ఇస్తే చాలు, ఖాళీలు అదే వెతుక్కుంటుంది, గంట అదే మోగిస్తుంది. రోజంతా పట్టే పని టీ మరిగేలోపు అయిపోతుంది. మొదటిసారి సరిగ్గా నడిచినప్పుడు పరుగెత్తుకెళ్లి ఆయనకి చెప్పాను. "బాగుంది. అయితే ఇవాళ ఇంకో భాగం కూడా ఇచ్చెయ్," అన్నాడు. ఆ వారమే కంపెనీవాళ్లకి తనే రాశానని చెప్పాడు.

వాళ్లు ఎగిరి గంతేశారు. వాళ్ల దగ్గర వందల గొంతులున్నాయి, అన్నింటికీ గంటలు కట్టాలి. ఆ ప్రోగ్రాం రాసిన మనిషిని ఆ పని చూసే విభాగానికి పెద్దగా పెట్టుకుంటామన్నారు. చూసి నచ్చితే ఇవాళే సంతకం.

"ఉద్యోగం నాకొస్తే నీకొచ్చినట్టు కాదా?" అన్నాడు నిన్న. "పని ఎలాగూ నువ్వే చేస్తావు, ఇంట్లో చల్లగా కూర్చుని. నలుగురిలో మాట్లాడటం నీ వల్లవుతుందా చెప్పు? నోరు తెరిస్తే తడబడతావు." నిజమే, తడబడతాను. ఈ ఇంట్లో నా వాక్యం చివరిదాకా ఎప్పుడు వెళ్లింది గనక? సగంలో ఎవరో పిలుస్తారు, ఎవరో అందుకుంటారు, ఎవరో లేచిపోతారు. సగం మాటలే మాట్లాడీ మాట్లాడీ, మిగతా సగం నాకు రాదని నేనే నమ్మేశాను. నమ్మే, ఈ మంచం మీద కూర్చున్నాను.

హాల్లో ఆయన ఫైలు మీద ప్రోగ్రాం నడిచింది. రాగం వచ్చింది. గంటలు పడాల్సినచోట పడ్డాయి.

"మాట రాగానే గంట తగ్గుతోంది. ఎంత తగ్గాలో ఎలా నిర్ణయించారు?" అని అడిగింది ఆవిడ.

"వినేవాళ్లకి భయం గుర్తుండాలి, గంట గుర్తుండకూడదు. అంతదాకా తగ్గించాను," అని ఫోన్‌లో గుసగుసలాడాను. నా మాట ముగిసేలోపే హాల్లో ఆయన గంభీరమైన గొంతు దాన్ని పలికింది, "తగ్గించాను"తో సహా.

"అబ్బ, ఎంత బాగా చెప్పారండీ!"

"చూశావా నా కొడుకు తెలివి?" అంది అత్తయ్య నా చెవిలో. నేను చెప్పడం పక్కనే కూర్చుని విన్న మనిషి.

"సరే, ఇప్పుడు నేనో పేజీ చదువుతాను. ఇక్కడే రికార్డు చేసి, దాని మీద మీ గంటలు వెయ్యండి," అంది ఆవిడ.

చదివింది. ప్రోగ్రాం నడిచింది. మొదట రాగం వచ్చింది. తర్వాత ఆవిడ గొంతు, ఆవిడ గొంతు, ఆవిడ గొంతు. పేజీ అయిపోయింది.

"ఒక్క గంటా పడలేదే?"

"మైకు తేడా అయ్యుంటుందండీ," అని నవ్వాడు ఆయన, నా కోసం ఆగకుండా.

మైకు కాదు. హాల్లో ఫ్యాన్ తిరుగుతోంది. ఆవిడ ఆగినచోట ఫ్యాన్ ఆగలేదు కదా, ప్రోగ్రాంకి అది ఖాళీలా తోచలేదు. "మైకు కాదు, ఫ్యాన్," అన్నాను. "ఖాళీ అంటే ఇదీ అని దానికి నేర్పింది రికార్డు చేసే లోపలి గది నిశ్శబ్దంతో." ఆయన అదే అన్నాడు.

"అదే అడుగుదామనుకుంటున్నా. మీ ఫైళ్లలో ఉన్నంత నిశ్శబ్దం పెద్ద పెద్ద స్టూడియోల్లో కూడా వినలేదు. ఆ గది గోడలకి ఏం వేశారు?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. అది నాకు సైగ.

గోడలకి ఏమీ వేయలేదు. ఆయన మైకు ముందు కూర్చోగానే నేను ఫ్రిజ్ ఆపుతాను. కుక్కర్ కూత పెట్టకముందే దించుతాను. కారే కుళాయి కింద గుడ్డ పరుస్తాను. వచ్చేవాళ్లు తలుపు తట్టకుండా గుమ్మంలోనే నిలబడతాను. జ్వరమొచ్చిన రోజు దగ్గు రాకుండా నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను. ఆ నిశ్శబ్దం కూడా ఈ ఇంట్లో నేను వండి వడ్డించేదే. ప్రోగ్రాంకి కొలతగా ఇచ్చింది దాన్నే. ఇది ఆయన నోట ఎలా పలికించను? ఇందాకటి జవాబులు నా తెలివి, పోతే పోయిందనుకున్నాను. ఇది నా ఒళ్లు.

"చెప్పవేం?" అత్తయ్య నా మోచేయి గిల్లింది. "మూగనోము పట్టావా?"

హాల్లో ఆయన మళ్లీ గొంతు సవరించుకున్నాడు. ఈసారి గట్టిగా.

ఫోన్ కట్ చేసి లేచాను. అత్తయ్య చెయ్యి పట్టుకుంది. "ఎక్కడికే? వాడి పరువు తీస్తావా?"

"చెయ్యి వదలండి అత్తయ్యా."

హాల్లోకి వచ్చిన నన్ను చూడగానే ఆయన అందుకున్నాడు. "ఏమోయ్, టీ ఇంకా కాలేదా?"

నేను ఆవిడ వైపే చూశాను. "ఈ ప్రోగ్రాం రాసింది నేనండీ. గోడలకి... అంటే, గోడలు కాదు, నేను..."

"మా ఆవిడ ఉద్దేశమేమిటంటే..."

"ఆగండి. నా మాట అవలేదు," అన్నాను. ఈసారి మాట చివరిదాకా వచ్చింది. ఫ్రిజ్, కుక్కర్, కుళాయి, దగ్గు, అన్నీ చెప్పాను.

ఆవిడ ఆయన కుడి చెవి వైపు ఒకసారి చూసింది. నమ్మిందో లేదో మొహంలో తెలియలేదు. పక్క కుర్చీ నా వైపు తోసింది.

"అయితే నా పేజీకి గంటలు పడేలా చెయ్యండి. చూస్తాను."

కూర్చున్నాను. మైకు నా వైపు తిప్పుకున్నాను. కొత్త కొలతకి ప్రోగ్రాం ఈ హాలుని ఉన్నదున్నట్టు, ఫ్యాన్‌తో సహా వినాలి. గుమ్మంలో అత్తయ్య ఏదో అనబోయింది. ఆయన నోరు తెరిచాడు.

"ఏవండీ, అత్తయ్యా, ఎక్కడివాళ్లక్కడ కదలకుండా ఉండండి," అన్నాను. "కాసేపు ఎవరూ మాట్లాడొద్దు. రికార్డు చేస్తున్నాను."