ఓల్డ్ అనే ఇంట్లో ఐదో గది

బోర్డు మీద నేను రాసిన ‘ఓల్డ్’ అనే ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరం లోపలికి తెరుచుకుంటుంది. గుండ్రటి తలుపు. అవతల వరండా, చల్లటి గచ్చు, వరసగా గదులు. చాక్‌పీసు పక్కన పెట్టి లోపలికి అడుగు పెడతాను. పాఠం సగంలో ఉంది, ఆపడం కుదరదు.

నా వెనకే లియాంగ్ గారు వస్తారు. తడ దగ్గర ఫోన్ల ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి చైనా నుంచి వచ్చిన పెద్దాయన. షిఫ్టుకు ముందు ఆయనకూ ఆయన మనుషులకూ ఇంగ్లీషు చెప్పడం నా ఉద్యోగం. తెలుగు మాత్రం ఆయనకు టీకొట్టు నేర్పింది.

మొదటి గదిలో ముసలివాళ్ళున్నారు. ఒకరి కళ్ళజోడు ఒకరు తుడుస్తున్నారు. రెండో గదిలో తెగిన చెప్పులు, మాట పడిపోయిన రేడియో, వెలిసిన చీరలు.

“ఏంది మేడమ్ ఇది? ముసిలాయనకీ చెప్పుకీ ఒకే మాటా? చెప్పు ఏమనుకుంటది?”

“ముసలాయన ఏమనుకుంటాడో అడగరా?”

“ఆయనకి అలవాటైపోయుంటదిలే. మా కాడ మనిషికొక మాట, వస్తువుకొక మాట.”

“మాకూ అంతే. ముసలి వేరు, పాత వేరు. ఇంగ్లీషువాళ్ళే అందరినీ ఒక కప్పు కింద కాపురం పెట్టించారు.”

మూడో గది నిండా రాతి శాసనాలు. వాటి దుమ్ము దులిపేవాళ్ళు కూడా రాయిగా మారి చాలా కాలమైంది. మేం ఆగం.

నాలుగోది మునుపటివాటి గది. పాత చిరునామాలు, పాత ఫోన్ నంబర్లు, పాత భర్తలు. రఘునందన్ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. కోర్టులో విడిపోయిన రోజు వేసుకున్న చొక్కాయే ఇంకా వంటిమీద ఉంది.

“పాప దగ్గరికేనా?” అంటాడు తలెత్తకుండా.

“అవును. నువ్వూ రా.”

“నన్ను ఈ గది దాటనివ్వరు ఇందూ.” పేజీ తిప్పుతాడు. పేపరులో ఒక్క అక్షరం కూడా లేదు.

ఐదో గది వయసులది. ఎవరికైనా ఎన్నేళ్ళని చెప్పాలంటే ఇంగ్లీషుకు ఇదే మాట కావాలి, అందుకే ఇక్కడ పసిపిల్లలు కూడా ఉన్నారు. గది రైలు పెట్టెలా పొడవు. నేలంతా చాపలు. వయసు పెరిగినప్పుడల్లా అందరూ ఒక చాప ముందుకు జరుగుతారు. ఆ చివర గది మలుపు తిరిగి ముసలివాళ్ళ గదిలో కలుస్తుంది.

గుమ్మం దగ్గర చాప మీద నా కూతురు పడుకుని ఉంది. ఏడు నెలలు. నేను ఆమెను పోగొట్టుకుని ఆరేళ్ళు. ఆమెకు ఇప్పటికీ ఏడు నెలలే. కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని కప్పును చూస్తోంది.

కాపలా ఓబయ్య లేచి నిలబడతాడు.

“అమ్మా, వచ్చినావా, మంచిదైంది. నీ బిడ్డ కదలడంలా. మొన్నా ఏడే, రేపూ ఏడే. వెనకాల పిల్లకాయలు కాసుకోనుండారు. చాప ఖాళీ చెయ్యాల.”

“ఖాళీ చేసి ఎక్కడికి?”

“కదలని వాటన్నిటికీ రెండో గదేనమ్మా. చెప్పులు, రేడియోలు ఉండే కాడికి. సాయంత్రానికి సర్దేస్తా. నామీద కోపం చేసుకోబాక, ఇంటి రూలది.”

“అది చెప్పు కాదు ఓబయ్యా.”

“నేనన్నానా? ఆ ఇంగ్లీషు మాటే అంటుండాది.”

పాపను ఎత్తుకోబోతాను. చాపతో సహా నేలంతా లేస్తుంది. గది మొత్తం ఎత్తగలిగితే తప్ప ఆమె నా చేతుల్లోకి రాదు.

లియాంగ్ గారు గొంతుక్కూర్చుని పాపను పరీక్షగా చూస్తారు, యంత్రంలో ఎక్కడ బోల్టు పట్టేసిందో చూసినట్టు.

“మీ లెక్క తప్పు మేడమ్. పుట్టేటప్పటికే బిడ్డకి ఒక ఏడాది వయసు. కడుపులో ఉండింది అబద్ధమా?”

ఓబయ్య గడ్డం గోక్కుంటాడు. “అదీ నిజమే.”

“మా పాతకాలం లెక్కలో పుట్టినరోజుతో పనిలా. కొత్త సంవత్సరం వస్తే చాలు, ఇంటిల్లిపాదికీ ఒక ఏడు కలుస్తది.”

“చనిపోయినవాళ్ళకు కూడానా?” అని అడుగుతాను.

“కొత్త సంవత్సరం తలుపు తట్టి అడుగుద్దా, ఉండావా పోయినావా అని? మా అమ్మ పోయి చాన్నాళ్ళైంది. నిరుడు కూడా నాకంటే పెద్దదే.”

ఆయన యూనిఫాం జేబులోంచి ఎర్ర టపాకాయల దండ తీసి, దూలానికి కట్టి, అంటిస్తారు. ఒక్కో టపాకాయ ఒక్కో కొత్త సంవత్సరం.

మొదటిది పేలుతుంది. పాప బోర్లాపడి, లేచి కూర్చుంటుంది. రెండోది పేలుతుంది. నిలబడి తర్వాతి చాప మీదికి నడుస్తుంది. నేను చూడని మొదటి అడుగును చూస్తాను. చెప్పడానికి పక్కన రఘు లేడు.

పొగలోనే ఆమెకు రెండు జడలు వస్తాయి. ముందు పళ్ళు ఊడి మళ్ళీ మొలుస్తాయి. ప్రతి పేలుడుకూ నా గాజులు వదులవుతుంటాయి, చీర అంచు గచ్చు మీద మడతలు పడుతుంది.

“నేనెందుకు తగ్గిపోతున్నాను?”

“ఆ ఏళ్ళు యాడ్నుంచో రావాలగదా మేడమ్.”

ఆమె నా వయసుకు వస్తుంది. ఒక్క చాప దూరంలో ఆగి, వెనక్కి తిరిగి చూస్తుంది. నా ముక్కు, రఘు కనుబొమలు. జీవితమంతా నేను అడిగింది ఈ ముఖమే.

“ఆపండి లియాంగ్ గారూ! ఇక్కడ ఆపండి.”

ఆయన చెయ్యి దండ దగ్గరికి వెళ్ళి ఆగుతుంది. “ఆపతా. ఆపితే కదలదు. కదలకపోతే మళ్ళీ చెప్పులకాడికే. చెప్పండి, ఆపేదా?”

ఓబయ్య గచ్చు వంక చూస్తుంటాడు. ఆమె నా వంక చూస్తుంటుంది. ఏ అమ్మాయైనా ముందుకు పోవాలి.

“వద్దు,” అంటాను. “కాలనివ్వండి.”

ఆమె తిరిగి నడుస్తుంది. ఒక చాప, ఒక చాప. నడుం లావవుతుంది, జుట్టు నెరుస్తుంది, ఎడమకాలు కాస్త ఈడుస్తుంది. మలుపు తిరిగి ముసలివాళ్ళ గదిలోకి వెళ్తుంది. ఎవరో ఆమె కళ్ళజోడు తుడిచి పెడతారు. రెండో గది తలుపుకు ఓబయ్య తాళం వేస్తాడు.

నేను ఆమె వెనక పరిగెత్తాలనుకుంటాను. కాళ్ళు నిలబడవు. చీర కుప్పలోంచి పాకుతూ చాపలన్నీ దాటి, ఆమె పాదాల దగ్గరికి చేరి ఏడుస్తాను. ఆమె వంగి, మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా నన్ను చంకనేసుకుంటుంది. ఈసారి నేల లేవదు.

“ఎవురి బిడ్డ పెద్దమ్మా?” అని పక్కావిడ అడుగుతుంది.

“ఏమో తల్లీ. ఒకటే ఏడుస్తుండాది, ఎత్తుకున్నా.”

నా పళ్ళు ఒక్కొక్కటే చిగుళ్ళలోకి వెనక్కి వెళ్తున్నాయి. ఆఖరి పన్ను పోయేలోపు ఆమెను పేరు పెట్టి పిలవాలి. నోరు తెరుస్తాను. పేరు రాదు. పాలు వస్తాయి, గోరువెచ్చగా, ధారగా, ఆగకుండా. ఆమె జాకెట్టు, గచ్చు, ముసలివాళ్ళ చీలమండలు తడుస్తాయి. గది నిండుతుంది. ముసలివాళ్ళు కళ్ళజోళ్ళు తీసి కొంగుల్లో ముడి వేసుకుని, ఆ తెల్లటి నీళ్ళలో నెమ్మదిగా ఈత మొదలుపెడతారు. నన్ను ఒక చేత్తో పైకి పట్టుకుని, నా కూతురు అందరికంటే ముందు ఈదుతోంది.