అంచుల్లో కూర్చున్న కోబాల్ట్

తోడికోడళ్ళు ఒకే ఇంట్లో ఉండడమే ఒక పరీక్ష. వీళ్ళిద్దరికీ అది చాలదన్నట్టు ఉద్యోగం కూడా ఒకే ప్రయోగశాలలో.

డీజిల్లోంచి గంధకాన్ని తీసేసే ఉత్ప్రేరకపు గుళికలు తయారుచెయ్యడం వాళ్ళ పని. పెద్దకోడలికి ఆ పనిలోనే తల నెరిసింది. చిన్నకోడలు నిన్నగాక మొన్న వచ్చింది. వచ్చీ రాగానే అందరికీ తల్లో నాలుకైపోయింది. ఇంట్లో అత్తగారి నోట "మా చిన్నది", ఆఫీసులో పెద్దసారు నోట "మీ చిన్నామె". ఆ మాట విన్నప్పుడల్లా పెద్దకోడలి కడుపు రగిలిపోయేది.

ఇప్పుడు ఇద్దరి నమూనాలకీ పోటీ పడింది. గెలిచింది కర్మాగారంలోని పెద్ద రియాక్టరుకెక్కుతుంది. పెద్దకోడలి గుళికలు పరీక్షలో బాగానే నెగ్గాయి. ఇక చిన్నదానివి మిగిలాయి.

గుళికలు చేసినంత మాత్రాన పనిచెయ్యవు. ముందు వాటికి వేడి మీద గంధకం పట్టించాలి. దాన్నే యాక్టివేషన్ అంటారు. అప్పుడు మాలిబ్డినం గంధకంతో కలిసి సన్నటి రేకులుగా పరుచుకుంటుంది. కోబాల్ట్ వెనకాల వచ్చి ఆ రేకుల అంచుల్లో కూర్చుంటుంది. అసలు పని జరిగేది ఆ అంచుల్లోనే. కోబాల్ట్ తొందరపడి ముందే గంధకాన్ని పట్టుకుంటే విడిగా ముద్దకట్టి కూర్చుంటుంది, ఎందుకూ కొరగాదు. చిన్నది దానికి నిమ్మ ఉప్పు కలిపి కోబాల్ట్‌ని కాసేపు ఆపే ఉపాయం పట్టింది.

"చివర్లో వచ్చి అంచున కూర్చుని పేరంతా కొట్టేస్తుంది. ఎవరి బుద్ధి వాళ్ళ గుళికల్లో ఉంటుంది" అని పెద్దకోడలు లోపల్లోపల పళ్ళు నూరుకుంది.

అయితే యాక్టివేషన్‌లో ఆమెది అందెవేసిన చెయ్యి. అందుకని పెద్దసారు చిన్నదాని గుళికల్ని కూడా ఆమెకే అప్పగించాడు. ఆ పొద్దున అత్తగారిని కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళే వంతు నిజానికి పెద్దకోడలిది. చిన్నదే ముందుకొచ్చింది.

"నేను తీసుకెళ్తాలే అక్కా. నా గుళికలు నీ చేతిలో ఉంటే నాకు బెంగ లేదు."

ఆ మంచితనం ఇంకా మంట పెట్టింది.

చిన్న రియాక్టరులోకి హైడ్రోజన్ వెళ్తోంది. దాని వెనకే గంధకపు మందు కలిపిన డీజిల్ పారుతోంది. అవతలి కొసన మీటరులో గంధకపు వాయువు కనిపించేదాకా వేడి పెంచకూడదు. పెంచితే ఉత్త హైడ్రోజనే గుళికల్లోని ఆక్సిజన్‌ని లాగేస్తుంది. ఆ తర్వాత ఎంత గంధకం పోసినా సరిగ్గా పట్టదు. చూడ్డానికి మాత్రం నల్లగా నిగనిగలాడుతూనే ఉంటాయి. పరీక్షలో ఓడిపోతే, తప్పు ఎవరిదంటే నిమ్మ ఉప్పుదే అంటారు.

గదిలో ఎవరూ లేరు. మీటరు సున్నా దగ్గరే ఉంది. పెద్దకోడలు వేడి మీట తిప్పింది.

వేడి చూపే అంకెలు మెల్లగా పైకి పాకాయి. ఆమె వాటినే చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ళలో ఒక్క గుళిక కూడా ఆమె చేతిలో పాడవలేదు. ఈ గుళికలు మరీ చక్కగా ఉన్నాయి, పాడు పిల్ల ఎంత నేర్పుగా చేసిందో! "ఛీ" అని తనని తానే తిట్టుకుని వేడి హద్దు దాటకముందే మీట వెనక్కి తిప్పేసింది. మీటరు కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది.

చిన్నదాని గుళికలే గెలిచాయి. పెద్దసారు పొగుడుతుంటే చిన్నది అడ్డొచ్చింది.

"సగం మా అక్కదే సార్. గంధకం అందేదాకా ఆగడం అక్కకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

పెద్దకోడలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతుంటే ఉండబట్టలేక అనేసింది.

"నేను ఆగలేదే. వేడి పెంచేశాను."

"తెలుసు అక్కా." చిన్నది గిన్నె తుడుస్తూనే ఉంది. "డాక్టరు రాలేదని తొందరగా వచ్చేశాం. అత్తయ్యని ఇంట్లో దింపి ఆఫీసుకొచ్చాను. గది తలుపు దగ్గరే ఉన్నాను. పెంచడం చూశాను, దించడమూ చూశాను."

"మరి అరవలేదేం? నీ కష్టమంతా బూడిదయ్యేదిగా!"

"నువ్వే దించుతావనిపించింది. ఆగాను."

పెద్దకోడలు కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. తను ఆగినందుకు అందరూ మెచ్చుకున్నారు. ఈ పిల్ల తలుపు దగ్గర ఆగిన సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. అందులోనూ ఇదే గెలిచిందని ఆమె కడుపు మళ్ళీ భగ్గుమంది.

"ఆ గిన్నె ఇటివ్వు, సరిగ్గా తుడవలేదు" అంది.