ఎండ పట్టే జక్రయ్య

కెమెరా మరో దిక్కుకు తిరగ్గానే జక్రయ్య కూడా తిరిగి దాని వెనక్కి చేరాడు. గానుగెద్దులా స్టాండు చుట్టూ తిరగడమే అతని పని. కెమెరా ఒకే బొమ్మను కటిక చీకటి నుంచి కళ్లు చెదిరే వెలుగు దాకా వరసగా తీసుకుంది. అన్ని దిక్కులూ అయ్యాక హైదరాబాదు గ్రాఫిక్స్ కంపెనీవాళ్లు ఆ బొమ్మలన్నిటినీ కంప్యూటర్లో ఒకటిగా కుట్టి, పర్చూరు పక్కన మిరపకాయలు ఎండబోసిన ఈ కల్లాన్ని ఆకాశంతో సహా బంతిలా చుట్టేస్తారు. ఆ బంతిలోని ఎండ పడితే కంప్యూటర్లో పుట్టిన కారు కూడా ఇక్కడే ఆగినట్టు మెరుస్తుంది.

షరతు ఒక్కటే. బొమ్మ తీసేవాడు బొమ్మలో కనపడకూడదు.

వెలుగు ఎటునుంచి పడుతోందో తెలియడానికి మిరపకాయల మధ్య నున్నటి స్టీలు గుండు పెట్టాడు. అందులో మాత్రం దొరికిపోతాడు. బక్కచిక్కిన ఒళ్లు, తలకు తువ్వాలు, చీమంత మనిషి. కంపెనీవాళ్లు ఆ మనిషినీ బొమ్మలోంచి తుడిచేస్తారు.

తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ ముసలి సుబ్బరావమ్మ అడిగింది. "ఎంత ఎండ పట్టావయ్యా ఇయ్యాల?"

"రెండు బస్తాలు అత్తా. నిన్న పంపిన బస్తా మూతి విప్పితే, ఏసీ గదిలో ముగ్గురికి వడదెబ్బ తగిలిందంట."

కూలీ ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. సుబ్బరావమ్మ నవ్వలేదు.

"ఊళ్లో ఎవరు పోయినా ఫ్లెక్సీకి ఫొటో నువ్వే ఇస్తివి. నీ పెళ్లాం సంతోషకుమారి ఫ్లెక్సీలో పెళ్లికూతురల్లే ఉండె. మరి నీది ఉందా?"

"ఆధార్లో ఉందిగా."

"అదేస్తే పోలీసులు వెతుకుతున్నారనుకుంటారు."

జక్రయ్య ఫోనులో వెతికాడు. అన్నీ మబ్బులే. పెళ్లిళ్లు తీసినన్నాళ్లూ కెమెరా వెనకే. సంతోషకుమారి పక్కన నిలబడమని అడిగినప్పుడల్లా, తీసేవాడెవడే అని నవ్వేసేవాడు. ఇప్పుడు ఆమె పక్కన పెట్టడానికి తన మొహం లేదు.

కంపెనీ పని ముగించి, టైమరు పెట్టి, తువ్వాలు విప్పి తల దువ్వుకుని కల్లం నడుమ నిలబడ్డాడు. ఒక్క బొమ్మ చాలు. కానీ అలవాటు కొద్దీ కెమెరాను చీకటి నుంచి వెలుగు దాకా వరస తీసేలాగే ఉంచేశాడు. ఊపిరి బిగబట్టాడు. గాలి తిరిగింది. కాయల ఘాటు ముక్కులోకి కొట్టింది.

"ఎట్టా వచ్చింది?" అంది సుబ్బరావమ్మ.

చూపించాడు. ముందువాటిలో మనిషి చీకట్లో కలిసిపోయాడు. చివరివాటిలో వెలుగులో కరిగిపోయాడు. వెలుగు సరిగ్గా కుదిరిన ఒక్కదాంట్లోనే తుమ్ము పడింది. కాయ కాయా విడివిడిగా కనపడుతోంది. మొహం ఉండాల్సిన చోట పొగలాంటి మరక.

"రేపు తీసుకుందాంలే అత్తా. ఎండెక్కడికి పోద్ది?"

నీళ్లు తాగి, బస్తాల పక్కన బరకం పట్టా నీడలో పడుకున్నాడు.

పొద్దు వాలాక సుబ్బరావమ్మ టీ తెచ్చి పిలిచింది. మళ్లీ పిలిచింది. గ్లాసు కింద పెట్టి, తువ్వాలు అతని మొహం మీదికి లాగింది.

మర్నాడు సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. ఆధార్ ఫొటో వేస్తామంటే సుబ్బరావమ్మ ఒప్పుకోలేదు. ఆ తుమ్ము బొమ్మే వేయించి, పక్కన సంతోషకుమారిని పెట్టించింది.

"ఇదెవరో ఎట్టా తెలుస్తదే?" అన్నారెవరో.

"మనకు తెలవదా?" అంది.

వారం తిరక్కుండా కాయలన్నీ బస్తాలకెక్కి గుంటూరు వెళ్లిపోయాయి. ఖాళీ కల్లంలో స్టీలు గుండు ఒక్కటే మిగిలింది. అందులో ఆకాశమంతా ఉంది. అందులోంచి తుడిచేయడానికి ఆ చీమంత మనిషి లేడు.